ఒకే గ్రాఫిక్స్ కార్డుకు మూడు ఎఫ్‌పీఎస్‌లు: ఏ అంకె దేన్ని కొలుస్తోంది?

మా పిన్ని కొడుకు పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నాడు. ఏడాదిపాటు దాచుకున్న డబ్బుతో మొన్న ఫిబ్రవరిలో బరంపురం వెళ్లి గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకున్నాడు. బిగించిన రాత్రే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నన్ను మోసం చేసేసారేటి? వీడియోలో ఇదే గేముకి 104 చూపించాడు. కంపెనీ చార్టులో 190 ఉంది. నాకు 58 దాటట్లేదు. షాపోడు వాడేసిన కార్డు అంటగట్టేసాడంటావా?"

మూడు అంకెలూ ఎఫ్‌పీఎస్‌లే, అంటే సెకనుకు వచ్చే బొమ్మల లెక్కే. మూడూ ఒకే కార్డువి, ఒకే గేమువి. మూడింటి పక్కనా 1080పీ (బొమ్మలో ఎన్ని చుక్కలుంటాయో చెప్పే కొలత) అనే రాసి ఉంది. ఆ తర్వాతి ఆదివారం నేను పర్లాకిమిడి వెళ్లి, డాబా మీద వాడి గదిలో కూర్చున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇద్దరం పరీక్షలు చేశాం. షాపువాడు మోసం చెయ్యలేదు, వీడియోవాడు అబద్ధం చెప్పలేదు, చార్టులో అంకె కూడా ఎవరో ఊహించి రాసింది కాదు. అవి మూడు వేరువేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. మనకు మాత్రం జవాబులే చేరాయి, ప్రశ్నలు చేరలేదు.

ఈ గందరగోళం మా తమ్ముడొక్కడిదే కాదు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు కుర్రాళ్లు ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడుతూ, కార్డుల సంగతి మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వింటారు. నాలుగు రకాల కార్డులు పక్కపక్కన పెట్టి ఆడించి చూపే షాపు మన దగ్గర్లో లేదు. బరంపురమో, విశాఖో వెళ్లి తెచ్చుకోవాలి, లేదా కొరియర్‌లో తెప్పించుకోవాలి. ఇరవై ముప్పై వేలు పెట్టే నిర్ణయం తెర మీద కనబడిన ఒక అంకె మీదే ఆధారపడుతోంది. అందుకని ఆ అంకె ఎలా పుడుతుందో మొదట్నుంచీ చూద్దాం.

ఫ్రేమ్ అంటే బొమ్మ, ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు

చిన్నప్పుడు నోటుపుస్తకం అంచున మనిషి బొమ్మలు వరసగా గీసి, పేజీలు గబగబా తిప్పితే ఆ మనిషి పరిగెత్తేవాడు. గేము కూడా అంతే. తెర మీద ఒక్కో బొమ్మ ఒక్కో ఫ్రేమ్. సెకనులో ఎన్ని ఫ్రేములు తయారయ్యాయో అదే ఎఫ్‌పీఎస్. సినిమాకు ఫ్రేములన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. గేములో మీరు మౌస్ ఎటు కదిపితే అటు అప్పటికప్పుడు బొమ్మ గీయాలి. శత్రువు ఎక్కడున్నాడు, తూటా తగిలిందా, బండి ఎటు తిరిగింది అని లెక్క కట్టేది ప్రాసెసర్. ఆ లెక్క ప్రకారం వెలుగు, నీడ, రంగు వేసి బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు.

ఇదే సంగతిని ఇంకోలా కూడా కొలవచ్చు: ఒక్క ఫ్రేము తయారవడానికి ఎంతసేపు పట్టింది? దీన్ని ఫ్రేమ్ టైమ్ అంటారు, మిల్లీసెకన్లలో చెబుతారు. సెకనుకు 1000 మిల్లీసెకన్లు. కాబట్టి 30 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7, 144 అంటే 6.9. ఇక్కడ ఒకటి గమనించండి. 30 నుంచి 60కి వెళితే ఒక్కో ఫ్రేముకు 16 మిల్లీసెకన్లకు పైగా మిగులుతుంది. 144 నుంచి 174కి వెళ్లినా పెరిగింది అదే 30 ఎఫ్‌పీఎస్, కానీ మిగిలేది 1.2 మిల్లీసెకన్లే. చార్టులో రెండు పట్టీల మధ్య తేడా ఒకేలా కనబడుతుంది, కంటికి మాత్రం మొదటిదే తెలుస్తుంది.

మానిటర్‌కు తనదైన వేగం ఒకటుంది. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే తెరను మారుస్తుంది. కార్డు 104 బొమ్మలు గీసినా ఆ తెర మీద పూర్తిగా కనబడేవి 60కి మించవు. మా వాడిది 75 హెర్ట్జ్ మానిటర్. విండోస్ సెట్టింగ్స్‌లో చూస్తే 60 దగ్గరే ఉంది, కొన్నప్పటి నుంచీ ఎవరూ మార్చలేదు.

సగటు దాచిపెట్టే కుదుపు

నౌపడ నుంచి గుణుపురం రెండు రైళ్లు ఒకే సమయంలో చేరాయనుకుందాం. ఒకటి నిదానంగా, ఎక్కడా అనవసరంగా ఆగకుండా వచ్చింది. రెండోది జోరుగా వచ్చి, దారిలో సిగ్నల్ పడక అరగంట నిలబడిపోయింది. సగటు వేగం రెండింటికీ ఒకటే. కాగితం మీద తేడా లేదు, పెట్టెలో చెమటలు కక్కుతూ కూర్చున్నవాడికి ఉంది.

ఎఫ్‌పీఎస్ సగటు కూడా అలాంటిదే. ఒక సెకను తీసుకోండి. మొదటి కార్డు 60 ఫ్రేములు గీసింది, ప్రతిదానికీ 16.7 మిల్లీసెకన్లు పట్టింది. రెండో కార్డూ 60 గీసింది. కానీ వాటిలో 54 ఫ్రేములకు 10 మిల్లీసెకన్ల చొప్పున 540 పోగా, మిగిలిన 6 ఫ్రేములకు 460 మిల్లీసెకన్లు, అంటే ఒక్కోదానికి 77 దాకా పట్టింది. రెండింటికీ సగటు 60. రెండోదాన్ని ఆడుతున్నవాడికి మాత్రం మధ్యమధ్యలో గేము 13 ఎఫ్‌పీఎస్‌కు పడిపోయినట్టుంటుంది. మన కుర్రాళ్లు "ఎఫ్‌పీఎస్ బాగానే చూపిస్తోంది కానీ గేము కొట్టుకుంటోంది" అంటారే, అది ఇదే.

ఈ సంగతిని పరీక్షల మధ్యలోకి గట్టిగా తెచ్చింది 2011 సెప్టెంబరులో ద టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ రాసిన వ్యాసం. సెకను లోపల ఏం జరుగుతోందో చూడాలని, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని గ్రాఫ్ గీసి చూపించాడు. అప్పటిదాకా చాలామంది సగటు, కనిష్ఠం అనే రెండు అంకెలతో సరిపెట్టుకునేవారు. ఈరోజు చాలా చార్టుల్లో సగటు పక్కన కనబడే "వన్ పర్సెంట్ లో" (1% low), అంటే అన్నిటికంటే ఆలస్యమైన ఒక శాతం ఫ్రేముల వేగం, ఆ ఆలోచన నుంచి వచ్చినదే.

పేరు ఒకటే అయినా దీన్ని కట్టే పద్ధతులు రెండున్నాయి. 60 సెకన్ల పరీక్షలో సగటు 90 ఎఫ్‌పీఎస్ వచ్చిందనుకోండి, మొత్తం 5,400 ఫ్రేములు. అందులో అన్నిటికంటే ఆలస్యమైన ఒక శాతం అంటే 54 ఫ్రేములు. ఒక పద్ధతిలో ఆ 54 ఫ్రేముల సగటు సమయం తీస్తారు. అది 40 మిల్లీసెకన్లయితే వన్ పర్సెంట్ లో 25 ఎఫ్‌పీఎస్. ఇంకో పద్ధతిలో ఆలస్యంలో 54వ స్థానంలో ఉన్న ఒక్క ఫ్రేమునే చూస్తారు, అంటే ఆ హద్దు దగ్గర నిలబడిన ఫ్రేమును. అది 25 మిల్లీసెకన్లయితే జవాబు 40 ఎఫ్‌పీఎస్. ఒకే కార్డు, ఒకే ఆట, ఒకే నిమిషం: ఒకరు 25 అంటారు, ఇంకొకరు 40 అంటారు. మొదటిది పెద్ద కుదుపులను బాగా పట్టుకుంటుంది, కానీ ఒకటి రెండు వింత ఫ్రేములు వచ్చినా కిందికి జారిపోతుంది. రెండోది నిలకడగా ఉంటుంది, కానీ ఆ హద్దు దాటాక ఎంత ఘోరంగా ఉన్నా దానికి పట్టదు. రెండింటికీ సమర్థకులున్నారు. ఒక చోటి వన్ పర్సెంట్ లో తీసుకెళ్లి ఇంకో చోటిదాని పక్కన పెడితే మాత్రం లెక్క చెడుతుంది.

పూరీలు ఒత్తేవాడు, వేయించేవాడు

ఆ ఆదివారం మేము మొదట చూసింది ఎఫ్‌పీఎస్‌ను కాదు. గేము ఆడుతుండగా తెర మూలన కార్డు వాడకం చూపించే చిన్న అంకె ఒకటి పెట్టుకున్నాం. అది 55, 60 శాతం మధ్య ఊగుతోంది. ఎఫ్‌పీఎస్ 58. అంటే కార్డు దాదాపు సగం సేపు చేతులు కట్టుకుని కూర్చుంది.

పెళ్లి వంటల దగ్గర చూడండి. పూరీలు ఒత్తేవాడు నిమిషానికి ఇరవై ఒత్తితే, మూకుడు ఎంత పెద్దదైనా, మంట ఎంత పెంచినా నిమిషానికి ఇరవై పూరీలే వేగుతాయి. ఒత్తేవాడు ప్రాసెసర్, వేయించేవాడు కార్డు. ప్రాసెసర్ సెకనుకు 58 ఫ్రేముల లెక్కే అందిస్తుంటే, 104 గీయగల కార్డు కూడా 58 దగ్గరే ఆగుతుంది. దీన్నే బాటిల్‌నెక్ అంటున్నారు.

అనుమానం తీరడానికి గేము రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించాం. 1080పీ బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి, 720పీలో 9,21,600. కార్డు చాకిరీ సగానికి పైగా తగ్గిపోయింది. ఆలస్యం కార్డుదే అయితే ఎఫ్‌పీఎస్ ఒక్కసారి ఎగరాలి. 58 కాస్తా 60 అయింది, అంతే. మా వాడు తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "అయితే కార్డు మంచిదేనన్నమాట" అన్నాడు, వారం రోజుల బెంగ దిగిపోయిన గొంతుతో.

క్యాబినెట్ విప్పితే ఇంకో కారణం దొరికింది. ర్యామ్ పెట్టుకునే చోట్లు నాలుగుంటే 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉంది. రెండు స్టిక్కులు సరైన చోట్ల పెడితే ప్రాసెసర్‌కు ర్యామ్‌తో మాట్లాడటానికి రెండు దారులు తెరుచుకుంటాయి. ఒక్కటే ఉంటే ఒక్క దారే. పైగా ఇప్పటి పెద్ద గేములకు 8 జీబీ చాలక విండోస్ డిస్క్ మీద సర్దుకుంటూ ఉంటుంది, కుదుపులు అక్కడి నుంచీ వస్తాయి.

మరి వీడియోలో 104 ఎలా వచ్చింది? ఆ సమీక్షకుడి దగ్గర 2024 నవంబరులో వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్‌3డీ ఉంది. గేములకు అత్యంత వేగమైన ప్రాసెసర్లలో అదొకటి, కార్డులను పరీక్షించేవాళ్లు చాలామంది దాన్నే వాడుతున్నారు. ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండూ కొట్టిపారేయలేనివే.

పరీక్షించేవాళ్లు చెప్పేది ఇది: కార్డును కొలవాలంటే కార్డు తప్ప మరేదీ అడ్డం రాకూడదు. నిదానపు ప్రాసెసర్ మీద ఐదు కార్డులు పెడితే ఐదూ 58 దగ్గరే ఆగుతాయి, ఏది మంచిదో తేలదు. రేపు మీరు ప్రాసెసర్ మార్చినా కార్డు అదే ఉంటుంది కదా. చూసేవాళ్లు అడిగేది ఇది: ముప్పై వేల లోపు కార్డు కొనేవాడి దగ్గర అంత ఖరీదైన ప్రాసెసర్ ఉంటుందా? నా ఇంట్లో రాని అంకె నాకెందుకు?

చాలాకాలం మొదటి వాదానిదే పైచేయి. 2025 జనవరిలో అది కాస్త సడలింది. ఇంటెల్ 2024 డిసెంబరులో తెచ్చిన ఆర్క్ బీ580 కార్డుకు మొదటి సమీక్షల్లో మంచి పేరు వచ్చింది. తర్వాత కొందరు దాన్ని పాత రైజెన్ 5 రకం ప్రాసెసర్లతో పెట్టి చూస్తే, కొన్ని గేముల్లో పోటీ కార్డుల కంటే చాలా ఎక్కువగా వెనకబడింది. కారణం దాని డ్రైవర్, అంటే ఆ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. కార్డుకు పని అందించడానికి ఆ డ్రైవర్ ప్రాసెసర్ సమయాన్నే ఎక్కువగా ఖర్చు చేస్తుంది. అంటే ప్రాసెసర్ మారితే ఎఫ్‌పీఎస్ తగ్గడమే కాదు, కార్డుల మధ్య ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస కూడా తారుమారు కావచ్చు. నా మట్టుకు నాకు ఇది రెండో వాదానికి దొరికిన గట్టి సాక్ష్యం. కార్డు స్తోమత తెలుసుకోవడానికి వేగమైన ప్రాసెసర్ మీద ఒక చార్టు, సామాన్యుడి కోసం పాత ప్రాసెసర్ మీద ఇంకో చార్టు ఉంటేనే కొనేవాడికి న్యాయం.

190 ఎక్కడి నుంచి వచ్చింది: గీసిన ఫ్రేములు, పూరించిన ఫ్రేములు

కంపెనీ చార్టు కింద చిన్న అక్షరాల్లో రెండు మాటలున్నాయి: అప్‌స్కేలింగ్, ఫ్రేమ్ జనరేషన్.

అప్‌స్కేలింగ్ అంటే చిన్న బొమ్మ గీసి దాన్ని పెద్దది చేయడం. కార్డులు చేసే కంపెనీల్లో ఎన్వీడియా దీన్ని డీఎల్‌ఎస్‌ఎస్ అంటుంది, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ అంటుంది, ఇంటెల్ ఎక్స్‌ఈఎస్‌ఎస్ అంటుంది. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్‌లో తెర 1080పీ అయినా లోపల కార్డు గీసేది 720పీ బొమ్మే. మిగతా చుక్కలను ముందు ఫ్రేముల్లోని సమాచారంతో, ఏఐ సాయంతో పూరిస్తుంది. చార్టు మీద "1080పీ" అని రాయడం ఒక లెక్కన సరైనదే, ఎందుకంటే తెర మీదికి వచ్చేది అదే. కానీ కార్డు చేసిన పని 1080పీ పని కాదు. 1080పీకి నాలుగింతల చుక్కలుండే 4కే తెర మీద ఇదే క్వాలిటీ మోడ్ లోపల 1440పీ గీస్తుంది. పూరించడానికి చేతిలో సరుకు ఎక్కువ కాబట్టి అక్కడ బొమ్మ చాలా బాగుంటుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే 1080పీ మానిటర్ల మీద ఆకులు, తీగలు, దూరపు కంచెల దగ్గర తేడా ఎక్కువ కనబడుతుంది.

ఫ్రేమ్ జనరేషన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. గేము నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య కార్డు ఒక ఫ్రేమును ఊహించి చేరుస్తుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 40 వరస కార్డులతో ఎన్వీడియా దీన్ని మొదలుపెట్టింది. 2025లో 50 వరస వచ్చినప్పుడు ఒక నిజమైన ఫ్రేముకు మూడు ఊహించిన ఫ్రేముల దాకా చేర్చింది. చిక్కంతా ఇక్కడుంది. మధ్య బొమ్మ ఊహించాలంటే రెండు వైపులా ఉన్న బొమ్మలు తెలియాలి. కాబట్టి కొత్త ఫ్రేము సిద్ధమైనా దాన్ని కాసేపు ఆపి, ముందు మధ్యవి చూపించాలి. కదలిక నున్నగా అవుతుంది, మీ మౌస్ క్లిక్కుకు స్పందన మాత్రం వేగం పుంజుకోదు, పైగా కొంచెం ఆలస్యమవుతుంది.

2025 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వేదిక మీద ఎన్వీడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు 4090 స్థాయి పనితనం ఇస్తుందని చెప్పారు. 4090 అంటే 2022లో 1,599 డాలర్లకు వచ్చిన కార్డు. ఏఐ లేకుండా అది సాధ్యపడేది కాదని కూడా అదే వేదిక మీద ఆయన అన్నారు. ఆ రెండో మాట వార్తల్లో చాలాచోట్ల చిన్నదైపోయింది. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఒక గేములో 5070 నిజంగా 30 ఫ్రేములు గీస్తే, నాలుగింతలు చేసి 120 చూపిస్తుంది. 4090 నిజంగా 60 గీసి, రెండింతలు చేసి 120 చూపిస్తుంది. చార్టులో పట్టీలు సమానం. కానీ మొదటిదానిలో గేము మీ చెయ్యిని పట్టించుకునేది 33 మిల్లీసెకన్లకోసారి, రెండోదానిలో 17 మిల్లీసెకన్లకోసారి.

దీన్ని మోసమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. నిజమైన ఫ్రేములే 70, 80 వస్తుంటే, 144 హెర్ట్జ్ తెర మీద ఫ్రేమ్ జనరేషన్ వల్ల కథ నడిచే గేములు చూడముచ్చటగా ఉంటాయి. సెకనులో పదో వంతు తేడాతో చచ్చిబతికే షూటింగ్ గేముల్లో మాత్రం దానివల్ల ఒరిగేది లేదు. నిజమైన ఫ్రేములు 25, 30 దగ్గరున్నప్పుడు దాన్ని ఆన్ చేస్తే అంకె పెరుగుతుంది, గేము చేతికి బరువుగానే ఉంటుంది. అది వాడుకోదగిన సదుపాయం. దాన్ని కార్డు బలంగా చూపించే చార్టుతోనే నా పేచీ.

పేరు ఒకటే, లోపల వేరు

2023లో ఆర్‌టీఎక్స్ 4060 టీఐ రెండు రకాలుగా వచ్చింది: 8 జీబీ మెమరీతో, 16 జీబీ మెమరీతో. 2025 ఏప్రిల్‌లో 5060 టీఐ, ఆ జూన్‌లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అలాగే వచ్చాయి. పెట్టె మీద పేరు ఒకటే. చాలా గేముల్లో ఎఫ్‌పీఎస్ కూడా దాదాపు ఒకటే. తేడా 8 జీబీ నిండిన గేముల్లోనే బయటపడుతుంది.

కార్డు మీదున్న మెమరీ నిండితే మిగతా సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. 4060 టీఐ తన మెమరీ నుంచి సెకనుకు 288 జీబీ తెచ్చుకోగలదు. ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే మదర్‌బోర్డు స్లాట్ గుండా రావాలి. ఆ స్లాట్‌ను పీసీఐఈ అంటారు, ఆ కార్డు అందులో వాడుకునే లేన్లు, అంటే సమాచారం నడిచే దారులు, ఎనిమిదే. పీసీఐఈ 4.0 బోర్డు మీద అది సెకనుకు 16 జీబీ దారి. బీ450 లాంటి పాత తరం 3.0 బోర్డుల మీద 8 జీబీ. వరద కాలవ నీటిని పిల్ల కాలవలోకి మళ్లించినట్టే. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 జీబీ మెమరీ, నాలుగు లేన్లే ఉండటంతో పాత బోర్డుల మీద అది ఘోరంగా దెబ్బతింది. 

మెమరీ చాలకపోతే ఎఫ్‌పీఎస్ పడాలనీ లేదు. కొన్ని గేములు వేగం నిలబెట్టుకోవడానికి గోడలు, ముఖాలు, బట్టల మీది బొమ్మలను చడీచప్పుడు లేకుండా మసక రకంతో మార్చేస్తాయి. చార్టులో రెండు కార్డులూ సమానంగా ఉంటాయి, ఒకదానిలో ఇటుక గోడ మీద ఇటుకలుండవు. అంకెతో పాటు బొమ్మ కూడా చూడాల్సిన చోటు ఇది.

ల్యాప్‌టాప్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ రకం 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కరెంటుతో తయారీదారు ఇష్టప్రకారం నడుస్తుంది. ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య అంత అంతరం ఉండొచ్చు.

ఎక్కడ ఆడించి కొలిచారు

పరీక్షకు మూడు దారులున్నాయి. 3డీమార్క్ లాంటి, పరీక్ష కోసమే చేసిన ప్రోగ్రాం నడపడం ఒకటి. సైబర్‌పంక్ 2077, ఫోర్జా హొరైజన్ 5 లాంటి గేముల లోపలే ఉండే బెంచ్‌మార్క్ అనే పరీక్ష నడపడం రెండోది. గేములో ఒకే దారిలో, ఒకేలా నడుస్తూ ప్రెజెంట్‌మాన్ లాంటి ఉచిత సాధనంతో ఫ్రేములు రికార్డు చేయడం మూడోది. మొదటి రెండూ ప్రతిసారీ అచ్చం ఒకేలా నడుస్తాయి, పోలికకు అదే వాటి బలం. బలహీనత కూడా అక్కడే ఉంది.

2001లో ఏటీఐ అనే సంస్థ చేసిన రేడియాన్ 8500 కార్డు డ్రైవర్ క్వేక్ 3 గేమును పేరును బట్టి గుర్తుపట్టేది. గేము ఫైలు పేరును క్వాక్ అని మార్చగానే వేగం తగ్గింది. 2003 మేలో 3డీమార్క్ తయారీ సంస్థ ఫ్యూచర్‌మార్క్ తన పరీక్షను ఎన్వీడియా డ్రైవర్లు గుర్తుపట్టి నడుస్తున్నాయని బయటపెట్టింది. ఆ పరీక్షలో కెమెరా ముందే వేసిన దారిలోనే తిరుగుతుంది. ఆ దారి నుంచి కనబడని చోట్లను డ్రైవర్ గీయడమే మానేసింది. నాటకంలో ప్రేక్షకుల వైపున్న గోడకే రంగు వేసినట్టు. కెమెరాను దారి తప్పించి చూస్తే వెనక ఖాళీ.

చేత్తో ఆడి కొలిచే పద్ధతికి ఆ బెడద తక్కువ, కానీ మనిషి చెయ్యి ప్రతిసారీ ఒకేలా ఉండదు. అందుకే ఒకే దారిని మూడుసార్లు నడుస్తారు. మా పరీక్షలో మొదటిసారి సగటు 52, తర్వాత రెండుసార్లూ 58 వచ్చాయి. విండోస్‌లో బొమ్మలు గీయించుకునే డైరెక్ట్‌ఎక్స్ 12 పద్ధతి వాడే గేముల్లో షేడర్లనే చిన్న ప్రోగ్రాంలను మొదటిసారి ఆడేటప్పుడు తయారు చేసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. సమీక్షల్లో సాధారణంగా ఈ మొదటి అంకెను పారేస్తారు. కానీ కొనుక్కున్నవాడు ప్రతి కొత్త గేమునూ ఆ మొదటిసారితోనే మొదలుపెట్టాలి.

ఇరవై గేముల ఫలితాలను ఒక్క అంకెకు కుదించే చోట ఇంకో మెలిక. ఒక గేములో మొదటి కార్డు 400, రెండోది 300. ఇంకో గేములో మొదటిది 40, రెండోది 50. మామూలు సగటు తీస్తే 220, 175. మొదటిది 26 శాతం ముందు. కానీ నిజానికి అది ఒకచోట మూడో వంతు ముందుంది, ఇంకోచోట ఐదో వంతు వెనకుంది. నిష్పత్తులను గుణించి వర్గమూలం తీసే గుణసగటు ప్రకారం ఆధిక్యం 3 శాతమే. 400 ఎఫ్‌పీఎస్ గేము తన పెద్ద అంకెతో మొత్తాన్ని లాగేసింది. 40, 50 మధ్య తేడా ఆడేవాడికి ఎంతో ముఖ్యం, 300, 400 మధ్య తేడా చాలామందికి తెలియనే తెలియదు.

మన ఎండ, మన కరెంటు

"వాళ్లు ఏసీ గదుల్లో కొలుస్తారు, మన ఎండకి సగం ఎఫ్‌పీఎస్ పోద్ది" అని మన వైపు గట్టి నమ్మకం. మా వాడి గది డాబా మీద, మధ్యాహ్నం స్లాబు పెనంలా కాలుతుంది. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి వాడిచేత అదే పరీక్ష చేయించాను, ఈసారి కార్డే పరిమితి అయ్యేలా సెట్టింగులు పెంచి. పొద్దున్న గది 28 డిగ్రీలు, కార్డు 69. మధ్యాహ్నం గది 39, కార్డు 77. కార్డు వేగం 2,700 మెగాహెర్ట్జ్ నుంచి 2,640కి తగ్గింది. ఎఫ్‌పీఎస్‌లో తేడా రెండు శాతం లోపే. ఇప్పటి కార్డులు వేడిని బట్టి వేగాన్ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటాయి, ఒక్కసారిగా కూలబడవు. మారింది ఫ్యాను మోత. మధ్యాహ్నం అది పక్కగదిలోకి వినబడింది. దుమ్ము పట్టిన క్యాబినెట్‌లోనో, ఊపిరాడని ల్యాప్‌టాప్‌లోనో కథ ఇలా ఉండదు. అక్కడ వేడి నిజంగానే ఎఫ్‌పీఎస్‌ను తినేస్తుంది.

సాయంత్రంపూట వోల్టేజ్ పడిపోవడం వల్ల ఎఫ్‌పీఎస్ తగ్గుతుందన్నది ఇంకో నమ్మకం. గోడ దగ్గర వోల్టేజ్ 230 ఉన్నా 190 ఉన్నా, తన పరిధిలో ఉన్నంతవరకు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కార్డుకు ఇచ్చేది 12 వోల్టులే. పరిధి దాటితే కంప్యూటర్ ఆగిపోతుంది. ఆ రెంటికీ మధ్య నెమ్మదిగా నడవడమనేది డెస్క్‌టాప్‌లో ఉండదు. ఫ్యాను నెమ్మదిస్తుంది కాబట్టి గేము కూడా నెమ్మదిస్తుందనుకోవడం సహజమే. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి ఆడితే మాత్రం కార్డుకు అందే వాట్లు బాగా తగ్గుతాయి, ఎఫ్‌పీఎస్ కూడా.

మే నెలలో మా వాడు అదే రకం ర్యామ్ ఇంకోటి కొని పెట్టాడు. ఆ మొదటి ఆదివారం నాటి సెట్టింగులతోనే, అదే దారిలో మూడుసార్లు నడిచాడు. సగటు 58 నుంచి 71కి వచ్చింది, వన్ పర్సెంట్ లో 27 నుంచి 46కి. మానిటర్‌ను 75 హెర్ట్జ్‌కు మార్చుకున్నాడు. ఆ రాత్రి ఫోన్‌లో వాడు 71 గురించి ఒక్క ముక్కే చెప్పాడు. మిగిలిన పావుగంటా బజారు వీధిలో బండి తిప్పే చోట గేము ఇప్పుడు కొట్టుకోవట్లేదని చెబుతూనే ఉన్నాడు.